పన్నెండూ ఏడూ

ముప్ఫై ఏళ్లకు పైగా బడిపంతులుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. అందులో మొదటి ఆరేళ్లు సీతంపేట ఏజెన్సీలో, సవర ఆదివాసీల ఊళ్లో గడిచాయి. అప్పటి సంగతి ఒకటి చెప్పి మొదలుపెడతాను.

ఒకటో తరగతికి లెక్కల పాఠం. చుట్టూ జీడితోటలు కదా, లెక్కలకు మాకు జీడిపిక్కలే సాధనం. ఒక పిల్ల ముందు గుప్పెడు పిక్కలు పోసి, "ఎన్నున్నాయో చెప్పమ్మా" అన్నాను. ఆ పిల్ల ఒక్కో పిక్కనూ వేలితో పక్కకు జరుపుతూ, పెదవులు కదుపుతూ ఎంచింది. తలెత్తి "మిగ్గల్ గుల్జి" అంది. నాకు బోధపడలేదు. "తెలుగులో చెప్పు" అన్నాను. కొంచెంసేపు ఆగి, బెరుకుబెరుగ్గా "పన్నెండు... ఏడు" అంది. నేను ఎంచి చూశాను. పంతొమ్మిది ఉన్నాయి. "తప్పు, మళ్లీ ఎంచు" అన్నాను. ఆ పిల్ల మళ్లీ ఎంచలేదు. ఆ రోజంతా నోరు విప్పలేదు.

ఆ పిల్ల తాతను వారం తర్వాత సంతలో కలిశాను. మాటల్లో లెక్కల సంగతి వచ్చింది. సవర లెక్క పన్నెండు దాకా ఒక్కో అంకెకూ ఒక్కో పేరుతో నడుస్తుంది. పన్నెండును మిగ్గల్ అంటారు. అక్కణ్ణుంచి మళ్లీ మొదలు. పదమూడంటే పన్నెండూ ఒకటీ. పంతొమ్మిదంటే పన్నెండూ ఏడూ. ఇరవై చేరాక ఇరవైల మీద కడతారు. ముప్ఫైతొమ్మిది చెప్పాలంటే ఇరవై, పన్నెండు, ఏడు. ఎంత పొందికైన లెక్క! ఆ పిల్ల సరైన జవాబు ఒకసారి కాదు, రెండుసార్లు చెప్పింది. ఒకసారి తన భాషలో, ఒకసారి నా భాషలో. రెండుసార్లూ నాకు వినబడలేదు.

ఇన్నేళ్లయినా ఆ "తప్పు" అన్నమాట నా గొంతులో ముల్లులా ఉంది. అందుకే ఇవాళ పిల్లల ఇంటి భాషలో చదువు గురించి మాట్లాడదామనుకున్నాను.

ఏటా ఆగస్టు 29 వస్తుంది. గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. ఆ రోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. బడుల్లో దండలు వేస్తాం, వ్యావహారిక భాష గురించి ఉపన్యాసాలు ఇస్తాం. జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి, పరీక్షల్లోకి రావడానికి ఆయన పడిన పాటు గుర్తు చేసుకుంటాం. మంచిదే. కానీ ఆయన చేసిన పనిలో అది సగం. మిగతా సగం గురించి మనం పెద్దగా మాట్లాడుకోం.

ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నవయసులోనే పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. చుట్టూ కొండలు, కొండల మీద సవరలు. వాళ్లు సంతకు దిగివచ్చేవారు. పట్నంలో వాళ్ల మాట ఎవరికీ తెలియదు, వాళ్లకు పట్నం మాట తెలియదు. బేరంలో మోసపోయేవారు, కచేరీలో తెల్లమొహం వేసేవారు. వీళ్లకు చదువు చెప్పాలి అనుకున్నారు రామమూర్తిగారు. ఆ ఆలోచన ఎవరికైనా రావచ్చు. ఆయన గొప్పతనమంతా ఆ తర్వాత వేసిన అడుగులో ఉంది. చదువు చెప్పాలంటే ముందు వాళ్ల భాష నేను నేర్చుకోవాలి అనుకున్నారు. తెలుగు వచ్చిన సవరను ఇంట్లో పెట్టుకుని మాట మాట నేర్చుకున్నారు. ఊరూరా తిరిగి మాటలు, పాటలు, కథలు రాసుకున్నారు. ఆ కొండల మలేరియా సంగతి తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. జ్వరాలు పట్టుకున్నాయి. క్వినైన్ మింగారు. ఆ మందుకు చెవులు పోయాయి. ఒక భాష వినడం కోసం కొండ ఎక్కిన మనిషి చెవులు పోగొట్టుకుని కూడా పని ఆపలేదు.

సవరలో వాచకాలు రాశారు, తెలుగు లిపిలో. తన డబ్బుతో సవర పిల్లలకు బడి నడిపారు. ఆ పనికి మద్రాసు ప్రభుత్వం బహుమానం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టండి అన్నారట. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లిష్ నిఘంటువు అచ్చయ్యాయి. అప్పటికి ఆయన వయసు డెబ్బై అయిదు.

ఆ రెండు పనులూ వేరు వేరని నేననుకోను. తెలుగు పిల్లవాడికి గ్రాంథికం ఎందుకు గుదిబండ అయిందో, సవర పిల్లవాడికి తెలుగు కూడా అందుకే గుదిబండ అయింది. ఇంట్లో ఒక మాట, బడిలో మరో మాట. నాలుక మీద ఉన్న భాష బడి గడప దాటి లోపలికి రావాలి. ఆయన కోరింది ఇదొక్కటే. మనం మన వంతు వరకు తీసుకుని, కొండవాళ్ల వంతు కొండ మీదే వదిలేశాం.

బయటివాళ్లకు ఒక అపోహ ఉంది. ఏజెన్సీ భాషలంటే తెలుగు యాసలని. సవర తెలుగుకు ఏ వరసా కాదు. అది ముండా కుటుంబం భాష. సంతాలీకి, ముండారీకి చుట్టం. నీళ్లను సవరలో డా అంటారు, కానీ చివర గొంతు దగ్గర చటుక్కున ఒక నొక్కు పడుతుంది. ఆ నొక్కు పట్టుకోవడానికి నాకు నెలలు పట్టింది. మన అక్షరాల్లో దానికి చోటే లేదు. సవర పుస్తకాలు తెలుగు లిపిలో రాసేటప్పుడు దాని కోసం విడిగా గుర్తు పెట్టుకోవాల్సి వచ్చింది. ఇక ఆదిలాబాదు వైపు వెళ్తే గోండి వినబడుతుంది. అది మన ద్రావిడ కుటుంబమే. గోండిలో నీళ్లను ఏర్ అంటారు. వినగానే మన ఏరు గుర్తొస్తుంది. గోదావరి గట్టున కోయ, విశాఖ మన్యంలో కువి, కొండభాష, ఆదివాసీ ఒడియా, ఆదిలాబాదులో కొలామి, తండాల్లో బంజారా. తెలుగు నేల మీద పుట్టే ప్రతి బిడ్డా "అమ్మ" అనే మాటతోనే నోరు విప్పదు.

అలాంటి బిడ్డ ఆరో ఏట బడికి వస్తుంది. అప్పటికి ఆ బిడ్డకు వేల మాటలు తెలుసు. ఏ దుంప ఉడకబెట్టాలో, ఏది నీళ్లలో నానబెట్టి చేదు పోగొట్టాలో తెలుసు. పోడులో ఏ గింజ ముందు చల్లుతారో తెలుసు. పంతులు పుస్తకం తెరిచి "అ అంటే అమ్మ" అంటాడు. పక్కన చీర కట్టుకున్న ఒకామె బొమ్మ. పిల్ల ఆ గీతను చూడాలి, ఆ శబ్దం వినాలి, ఆ మాటకు అర్థం వెతుక్కోవాలి. మూడు కొత్త పనులు ఒక్కసారే. మన పిల్లలకు అందులో ఒక్కటే కొత్త. గీత మాత్రమే. మాటా, అర్థమూ ఇంటి నుంచి తెచ్చుకుంటారు. అక్షరం అంటే ఏమిటో పిల్లకు తట్టే క్షణం ఒకటుంటుంది. ఈ గీతలో నా మాట ఉంది అని తెలిసే క్షణం. తన మాట కాని దాంట్లో ఆ క్షణం ఎలా వస్తుంది? అందుకే నల్లబల్ల మీదిది ముత్యాల్లాంటి అక్షరాలతో దించేసి, ఒక్క ముక్క చదవలేని పిల్లలు నాకు ఎందరో కనిపించారు. వాళ్లు రాయడం లేదు, బొమ్మ గీస్తున్నారు. మూడో తరగతికి వచ్చేసరికి బడి మానేస్తారు. మనం "ఆసక్తి లేదు" అని రిజిస్టరులో రాస్తాం.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక మంచి పని మొదలైంది. సర్వశిక్షా అభియాన్ కింద ఎనిమిది భాషల్లో, 240 బడుల్లో మాతృభాషా పాఠాలు పెట్టారు. గోండి, కొలామి, కోయ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా. ఊరివాళ్లనే కూర్చోబెట్టి ఏ నెలలో ఏ పని, ఏ పండగ, ఏ పంట అని అడిగి, దాన్నిబట్టి పాఠాలు అల్లారు. ఊళ్లో ముసలివాళ్ల కథలు పుస్తకాలయ్యాయి. మొదటి తరగతిలో చదువంతా ఇంటి భాషలో, తెలుగు ముందు మాటగా, ఆటగా, పాటగా. పిల్లకు చదవడం పట్టుబడ్డాక తెలుగు పుస్తకం. ఒకసారి చదవడం వచ్చిందంటే, అది రెండో భాషకు దానంతట అదే నడిచి వస్తుంది. ఈత ఒక చెరువులో నేర్చుకున్నవాడు ఇంకో చెరువులో మునగడు కదా.

అప్పటికి నేను మైదానంలో ఉన్నాను. సెలవు పెట్టుకుని నా పాత ఊరికి వెళ్లి చూశాను. అదే గది, అదే రేకుల కప్పు. గోడ మీద పిల్లలే వేసిన బొమ్మలు, కింద సవర మాటలు. సవరలు ఇంటి గోడల మీద పిండితో మనుషుల్ని, జంతువుల్ని, చెట్లని వేసి దేవతలకు నివేదించుకుంటారు. ఆ గీతల పోలికే బడి గోడ మీదా కనబడింది. పాఠం చెబుతున్నది ఆ ఊరి అబ్బాయే. ఇంటర్ చదివాడు. పంతులు ప్రశ్న అడిగితే పిల్లలు నేలచూపులు చూడడం లేదు. ఒకరి మీద ఒకరు పడి జవాబులు చెబుతున్నారు. అల్లరి చేస్తున్నారు. ఆరేళ్లలో ఆ గదిలో నేను ఒక్కరోజూ వినని గోల అది.

అయితే అన్ని చోట్లా ఆ గోల నిలవలేదు. ఆ ఊరి కుర్రాళ్లను వాలంటీర్లు అన్నారు. గౌరవవేతనం అన్నారు. పేరులో ఉన్న గౌరవం జీతంలో లేదు, అదీ నెలనెలా రాదు. పనిలో చేయి తిరిగేసరికి వాళ్లు వేరే పని వెతుక్కుని వెళ్లిపోయారు. పిల్లల భాష తెలిసిన టీచరుకు ఇంకో చోటికి బదిలీ. పుస్తకాలు సగం ఏడాది గడిచాక. ఒక ప్రభుత్వం మొదలుపెట్టినదాన్ని ఇంకో అధికారి మరిచిపోతాడు, మరొకరు గుర్తు చేసుకుంటారు. భాషతో బడి నడపడమంటే పన్నెండేళ్ల పని. ఏడాదికోసారి పొడిగించే పథకంతో అది సాగదు.

చట్టం లేక కాదు. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో పాటే రాజ్యాంగంలోకి 350ఏ అధికరణం వచ్చింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడమని రాష్ట్రాలకు చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం వీలైనంతవరకు మాతృభాషలోనే బోధన అంది. 2020 విద్యావిధానం కనీసం అయిదో తరగతి దాకా అంది. అన్నిట్లోనూ "వీలైనంతవరకు" లాంటి మెలిక ఒకటి ఉంది. వీలు చేయవలసినవాళ్లు ఎవరన్నదే తేలదు. 2011 జనగణన ప్రకారం గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. అయినా రాజ్యాంగం గుర్తించిన భాషల ఎనిమిదో షెడ్యూలులో దానికి చోటు దొరకలేదు. సంతాలీకి 2003లో దొరికింది. సాహిత్య అకాడమీ పురస్కారాలు వచ్చాయి, పోటీపరీక్షల్లో పేపరు వచ్చింది. పై మెట్టున భాషకు విలువ కనబడితే కింద మెట్టున తల్లిదండ్రులకు నమ్మకం కుదురుతుంది.

ఆ తల్లిదండ్రుల మాట దగ్గరికి వస్తాను. ఇది తేలిగ్గా దాటేసే మాట కాదు. "మా భాష మాకు వచ్చు కదా మాస్టారూ, దానికి బడెందుకు? మా పిల్లలకు తెలుగు నేర్పండి, ఇంగ్లీషు నేర్పండి" అని ఒక తండ్రి నన్ను నిలదీశాడు. ఆయన తప్పేం మాట్లాడలేదు. బస్సు బోర్డు తెలుగులో ఉంది, బ్యాంకు ఫారం తెలుగులో ఉంది, ఆసుపత్రిలో డాక్టరు తెలుగులో అడుగుతాడు, కోర్టు కాగితం ఇంగ్లీషులో వస్తుంది. తన భాష ఒక్కటే వచ్చినందుకు ఆయన ఎన్ని గుమ్మాల దగ్గర తిట్లు తిన్నాడో ఆయనకే తెలుసు. తన బిడ్డకు అది వద్దనుకున్నాడు. నేను ఆయనకు చెప్పింది ఇంతే: తెలుగు మానిపించడానికి కాదయ్యా, తెలుగు బాగా రావడానికే మీ భాషతో మొదలుపెట్టమంటున్నాను. పునాది మీ మట్టిలో తీద్దాం, గోడలు ఎంత ఎత్తయినా లేపుకుందాం. ఆయన నా మాట పూర్తిగా నమ్మలేదు. నమ్మాలంటే బిడ్డ చదివి వినిపించాలి, నేను చెబితే సరిపోదు.

లిపి సంగతి కూడా ఉంది. సవర భాషకు ఆంధ్రలో తెలుగు లిపి, ఒడిశాలో ఒడియా లిపి, మిషనరీల పుస్తకాల్లో రోమన్ లిపి. వీటన్నిటికీ తోడు 1936లో మంగెయి గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు తమ లిపే కావాలని సొరా సొంపెంగ్ రూపొందించారు. గోండికీ అంతే. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో పాత గోండి రాతప్రతులు బయటపడ్డాయి. ఆ గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. ఆ రాతలు బయటపడ్డప్పుడు అక్కడి పెద్దవాళ్లు ఎంత సంబరపడ్డారో. మాకు రాత లేదన్నారు కదా, ఇదిగో మా రాత అని. పిల్లలకు ఏ లిపిలో నేర్పాలన్నది ఆ జనం తేల్చుకోవాలి. పై తరగతులకు వెళ్లడానికి తెలుగు లిపి సుళువని నా అనుభవం. కానీ ఒక జాతి తన రాత తాను చూసుకుని పడే గర్వం ముందు నా సుళువు చిన్నది.

ఆదిలాబాదు అన్నాను కనుక అక్కడి మార్లవాయి అనే పల్లె గురించి చెప్పకుండా ఉండలేను. నిజాం ప్రభుత్వం మీద తిరగబడ్డ గోండు నాయకుడు కొమరం భీం 1940లో జోడేఘాట్ దగ్గర నేలకొరిగాడు. ఆ తిరుగుబాటు ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను ఆశ్రయించింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండులతో ఉన్నారు. 1943లో అక్కడే గోండు విద్యాపథకం మొదలైంది. చదువు చెప్పడానికి బయటి పంతుళ్లను తేలేదు. కాస్తో కూస్తో చదువు వచ్చిన గోండు యువకులనే ఏరి, వాళ్లకు శిక్షణ ఇచ్చారు. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చు వేశారు, ఎందుకంటే ఆ ప్రాంతంలో మరాఠీ చదువు తెలిసినవాళ్లు ఉన్నారు. తర్వాత ఏలికలు మారారు, రాష్ట్రాలు మారాయి. ఆ వాచకాలు మూలపడ్డాయి, బడి భాష తెలుగయింది. 1987లో బెట్టీ పోయాక ఆమెను మార్లవాయిలోనే ఖననం చేశారు. ఎనభై ఏళ్ల కిందట ఒక కొండ పల్లెలో వీలైంది ఇప్పుడెందుకు వీలవదని నేను చాలాసార్లు అనుకుంటాను.

బడిలో తన భాష లేని బాధ మనకూ తెలియనిది కాదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది. జీవితమంతా అక్కడ గడిపిన రామమూర్తిగారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. ఒక్క రాత్రిలో తన భాష అక్కడ అల్పసంఖ్యాకుల భాష అయిపోవడం ఆ పెద్దాయన చూశారు. ఈనాటికీ ఒడిశాలో, ఖరగ్‌పూర్‌లో, తమిళనాడులో తెలుగు బడి కోసం, తెలుగు పుస్తకం కోసం, ఒక్క తెలుగు టీచరు పోస్టు కోసం మనవాళ్లు కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారు. హోసూరులో తెలుగు పిల్లవాడికి తెలుగు కావాలని మనం గట్టిగా అడుగుతాం. అదే గొంతుతో సీతంపేటలో సవర పిల్లకు సవర కావాలని అడగాలి.

ఈ ప్రసంగం వింటున్నవారిలో ఏజెన్సీ బడుల్లో పనిచేస్తున్న టీచర్లు ఉండవచ్చు. మీకు పైనుంచి పుస్తకం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. రోజుకు అయిదు మాటలు పిల్లల దగ్గర నేర్చుకోండి. మీరు తప్పు పలికితే పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. పంతులు కూడా తప్పు పలుకుతాడని తెలిసిన పిల్ల మీ భాషలో నోరు విప్పడానికి భయపడదు. ఊళ్లో ముసలమ్మను వారానికోసారి బడికి పిలిచి కథ చెప్పించండి. చదువుకున్న ఆదివాసీ యువతకు ఒక మాట: మీ అవ్వలు పోతే పోయే మాటలు వేలున్నాయి. ఫోనులో పట్టుకోండి, కాగితం మీద పెట్టండి. ప్రభుత్వంలో ఉన్నవారిని అడిగేది ఒక్కటే. ఆ భాష వచ్చిన టీచరుకు వాలంటీరు పేరు తీసేసి ఉద్యోగం ఇవ్వండి.

నేను నా పాత బడికి వెళ్లానన్నాను కదా. బడి వదిలాక ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాను. రెండో తరగతి కుర్రాడు సవర కథల పుస్తకం తెచ్చి వాళ్ల అవ్వకు చదివి వినిపిస్తున్నాడు. మేకా పులీ కథ. అవ్వ చీపుళ్లు కడుతూ వింటోంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఒకచోట చీపురు పక్కన పెట్టి మనవణ్ణి ఆపింది. ఏదో అంది. వాడు పుస్తకం చూపించి, ఇలాగే ఉందన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఏమిటని అడిగితే నాకు తెలుగులో చెప్పింది: "ఆ మాట కొండ అవతలోళ్లది మాస్టారూ. మేమలా అనం."

కుర్రాడు లోపలికి వెళ్లి పెన్సిలు తెచ్చుకున్నాడు. అచ్చులో ఉన్న మాట కొట్టేయకుండా, దాని పక్కన వాళ్ల అవ్వ మాట రాసుకున్నాడు. రాసి, మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు.